మడత వెనక ముఖం

“ముప్ఫై సెకన్లు చాలు జూనియా. రాత్రే రాసి పంపాను కదా, ఫోను ఎదురుగా పెట్టుకుని అది చదివెయ్యి. పన్నెండు లోపల నాకు చేరాలి.”

వంటింటి బల్ల మీద ఫోనులోంచి గ్రెచెన్ చిలక్కి చెప్పినట్టు చెబుతోంది. మార్వా కూతురు జూనియాకి సినిమా వేషాలు వెతికిపెట్టే ఏజెంటు ఆవిడ. మూడేళ్ళుగా ఆ పిల్ల కోసం ఎక్కని గుమ్మం లేదు. అందుకే ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా మార్వాకి మనసొప్పడం లేదు.

వర్లీన్ మాత్రం పొయ్యి దగ్గరనుంచి ఇటు తిరగలేదు. మొక్కజొన్న రవ్వ అడుగంటకుండా గరిటె తిప్పుతోంది. తల్లికి ఎంత కోపం వచ్చిందో ఆ వీపు చూసి చెప్పగలదు మార్వా. ఇవాళ చాలా ఎక్కువే వచ్చింది.

“క్షమించమని అడగాలి. అంతేగా?” అంది జూనియా.

“అంతే. ‘మా అమ్మమ్మ చేసిన పనికి బాధపడుతున్నాను, ఆ తొమ్మిదిమందిలో నాకూ చోటిచ్చినందుకు పత్రికకి ఎప్పటికీ కృతజ్ఞురాలిని.’ ఇందులో తప్పేముంది చెప్పు?”

“చోటిచ్చారట!” అంది వర్లీన్, గోడతో చెబుతున్నట్టు.

ఫోనులో గొంతు కాస్త తగ్గింది. “మిస్ వర్లీన్, మీరక్కడే ఉన్నారా? మీరంటే నాకు గౌరవమే. కానీ మీరు షాపులో చేసిన పని ఈపాటికి నలభై లక్షలమంది చూశారండీ. పుస్తకాలు పాడుచేశారని పత్రికవాళ్ళు మండిపడుతున్నారు.”

“పాడుచేశానా? మడత తిప్పాను. చొక్కా తిరగేసి తొడుక్కున్నవాణ్ణి ఆపి సరిచేస్తే, చొక్కా చింపినట్టా తల్లీ?”

జూనియా నవ్వు ఆపుకుంది. మార్వాకి నవ్వు రాలేదు.

“బుధవారం సినిమావాళ్ళు సంతకాలు పెట్టాలి,” అంది గ్రెచెన్. “ఆ పత్రికతో పేచీ ఉన్న అమ్మాయిని నాయికగా పెట్టుకోం అని నాతో తేల్చేశారు. పన్నెండు దాటితే ఆ వేషం ఇంకొకళ్ళకి పోతుంది. తర్వాత నన్ననుకుని లాభం లేదు.”

ఫోను ఆగిపోయింది. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

సోమవారాలు ఆ నల్లవాళ్ళ పేటలో జడలల్లే దుకాణాలన్నిటికీ సెలవు. ఇంటి ముందుగదిలో ఉన్న వర్లీన్ సెలూన్‌లో నాలుగు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. మామూలుగా సోమవారం ఈ ఇంట్లో కబుర్లకి అడ్డూ ఆపూ ఉండదు. ఇవాళ గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు.

బల్ల మీద ఆ పత్రిక పడుంది. గురువారం బజార్లోకి వచ్చింది. ‘రేపటి తారలు తొమ్మిదిమంది’ అని పైన వెండి అక్షరాలు. పొడుగాటి అట్టని మూడుగా మడిచి పెట్టారు. షాపులో నిలబడి చూసేవాడికి కనిపించేది మొదటి మడత ఒక్కటే. అందులో ముగ్గురమ్మాయిలు, ముగ్గురూ పాలమీగడలాంటి పిల్లలే. మడత విప్పితే ఇంకో ముగ్గురు, వాళ్ళూ ఆ రంగే. చిట్టచివరి మడత కూడా విప్పితే అప్పుడు జూనియా, ఆ పక్కన కొరియావాళ్ళ అమ్మాయి ఒకర్తె, మెక్సికోవాళ్ళ అమ్మాయి ఒకర్తె.

కొన్నవాళ్ళలో ఎంతమంది అక్కడిదాకా విప్పుతారో ఆ భగవంతుడికే తెలియాలి.

చర్చిలో అందరికీ నెలరోజులు ముందే చెప్పుకుంది వర్లీన్. మనవరాలు అట్టమీదికెక్కుతోందని దుకాణానికి వచ్చిన ప్రతి తలకీ చెప్పింది. సెలూన్‌లో పెద్దద్దం పక్కన తగిలించడానికి పత్రిక కొలతకి సరిగ్గా ఒక చట్రం కూడా చేయించింది. శనివారం సాయంత్రం దుకాణం కట్టేసి, మంచి టోపీ పెట్టుకుని, క్రెన్షా వీధి మందులషాపుకి తనే నడిచి వెళ్ళింది. అక్కడ పుస్తకాల అర ముందు నిలబడి వెతికింది. ముందు ఈ కొసనుంచి ఆ కొసకి, మళ్ళీ ఆ కొసనుంచి ఈ కొసకి.

ఆ తర్వాత జరిగిందే నలభై లక్షలమంది చూశారు.

“ఆ వీడియో ఇంకోసారి చూస్తానమ్మా,” అంది జూనియా.

“ఎన్నోసారే అది?”

“లెక్కపెట్టలేదు.”

మార్వా కూడా వంగి చూసింది. వెనకనుంచి ఎవరో తీసిన వీడియో. నీలం టోపీ, నిటారుగా ఉన్న వీపు. వర్లీన్ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, జోడు అర మీద పెట్టింది. ఒక పుస్తకం తీసింది. అట్ట మొత్తం చాపి, ఒక మడత ముందుకి వేసింది, రెండోది వెనక్కి తిప్పింది. అంతే, చివర ఉన్న జూనియా పైకి వచ్చి కూర్చుంది. జడపాయ అల్లినంత తేలిగ్గా. ఆ పుస్తకం అర మీద పెట్టి ఇంకోటి తీసింది. ఆ తర్వాత ఇంకోటి. ఎవరితోనూ ఒక్క మాట లేదు. తొందర లేదు. యాభై ఏళ్ళు జడలల్లిన వేళ్ళకి కళ్ళజోడు అక్కర్లేదు.

ఇరవై నాలుగు పుస్తకాలు తిప్పింది. ఇరవై నాలుగో పుస్తకం పెట్టేసి, అర వంక ఒకసారి తలాడించి, చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది. కళ్ళజోడు అక్కడే మర్చిపోయింది.

ఈవిడకి ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మార్వాకి ఆ క్షణంలోనూ ఆశ్చర్యమే. నలభై ఎనిమిదేళ్ళుగా చూస్తున్న తల్లే. కొత్తగా చూస్తున్నట్టుంది.

“నీ చేతులు చూడమ్మమ్మా,” అంది జూనియా. “ఎంత బావున్నాయో. నేను పుట్టి బుద్ధెరిగాక ఇంత గొప్ప నటన చూళ్ళేదు.”

“నటనేంటే నీ మొహం. ఆ ఫోనులో నాకు చీమలు తప్ప ఏం కనపడి చావట్లేదు.” వర్లీన్ గిన్నె దించి ఇటు తిరిగింది. “నాకు ఒక్క సంగతి చెప్పు. ఆ ఫోటో తీసిన రోజున నిన్ను చివర నిలబెడుతుంటే ఎందుకని అడగలేదా?”

జూనియా తల వంచుకుంది.

“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అంటారు. ఇక్కడ వడ్డించేవాడు మనవాడా? అడగాలా వద్దా?”

“దాన్నేం అనకమ్మా,” అంది మార్వా. అనేశాక ఇంక ఆగలేకపోయింది. “నేనున్నాను కదా అక్కడ.”

ఆ రోజు మార్వాని పిలిపించింది జూనియానే. ఫోటోలు తీసేచోట దువ్వెన పట్టే అమ్మాయికి జూనియా జుట్టు ఎటు నుంచి ముట్టుకోవాలో తెలియలేదు. అరగంట దువ్వి, నీళ్ళు కొట్టి, చివరికి చేతులెత్తేసింది. మార్వా తన దువ్వెనల పెట్టె తీసుకుని పరిగెత్తింది. నలభై నిమిషాల్లో కిరీటం పెట్టినట్టు తీర్చిదిద్దింది.

“కింద నేలమీద రెండు తెల్లగీతలున్నాయమ్మా. టేపు అంటించారు. తొక్కకండీ అని అరిచింది అక్కడి పనమ్మాయి. ఎందుకమ్మా అన్నాను. కాగితం అక్కడ మడుస్తారండీ అంది.”

వర్లీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నాకప్పుడే అర్థమైపోయింది. గీతకి అవతల ముగ్గురు, మధ్యలో ముగ్గురు, ఇవతల మన పిల్ల. ఏది పైకొస్తుందో తెలుసుకోడానికి పెద్ద చదువు కావాలా? నోరు మెదపలేదు. పిల్లకి వచ్చిన అవకాశం నా నోటి మూలంగా పోతుందేమోనని.”

“పోనీలే,” అంది వర్లీన్. ఆ మాటలో పోనిచ్చే ధోరణి లేదు.

“ఇంకా ఉందమ్మా.” మార్వా తన చేతుల వంక చూసుకుంది. “దీని జుట్టు గీత దాటి మధ్య మడతలోకి వెళ్తోందట. వెనక్కి దువ్వి పిన్ను పెట్టమన్నారు. పెట్టాను. ఈ చేతుల్తోనే పెట్టాను.”

ఇలాంటి తప్పు ఇంకో తల్లి చేసి ఉంటుందా అనిపించింది మార్వాకి. బిడ్డ జుట్టుకి కూడా హద్దు గీస్తే, ఆ హద్దుకి సరిపడా దువ్వి ఇచ్చి వచ్చింది.

జూనియా లేచి వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది.

“నాకూ తెలుసమ్మా. నేనూ చూశాను గీతలు. నువ్వు చూళ్ళేదనుకున్నాను. చూస్తే నువ్వు గొడవ పెడతావని, నీ కాలు అటు పడకుండా నిన్ను ఇటే నిలబెట్టాను.”

“అయితే ఇద్దరికీ తెలుసన్నమాట!” వర్లీన్ తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. “ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళు దాచుకున్నారు. నేను మాత్రం పిచ్చిదానిలా మంచి టోపీ పెట్టుకుని షాపుకి వెళ్ళాను.”

“అమ్మమ్మా, నువ్వు చెప్పు. చదవొద్దంటే చదవను.”

“నేనెందుకంటాను? నోరు నీది, బతుకు నీది. నేను చేసింది నాకోసం చేశాను. నిన్ను అక్కడ చూసుకోడానికి వెళ్ళాను, చూసుకుని వచ్చాను.” ఆవిడ చెంపలు తడిశాయి. తుడుచుకోలేదు. “కానీ ఆ రాసిన కాగితంలో ఏముందో నా కళ్ళతో చదువుతాను. మార్వా, ఆ మందులషాపుకి వెళ్ళి నా కళ్ళజోడు పట్రా. ఉంటే ఉంటుంది.”

మార్వా లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే జూనియా ఫోను చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. జుట్టు విప్పేసింది. దానికి అడ్డూ హద్దూ లేదు.

బయట జకరండా పూలు రాలి దారంతా ఊదారంగు పరుచుకుంది. నాలుగు వీధులు నడవాలి. నడుస్తున్నంతసేపూ మార్వా ఆ ముప్ఫై సెకన్ల గురించే ఆలోచించింది. చదివితే పిల్ల తలవంచినట్టు. చదవకపోతే మూడేళ్ళ శ్రమా బూడిదలో పోసిన పన్నీరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏది చెప్పడానికైనా తనకి ముఖం ఎక్కడుంది?

షాపులో బిల్లు కట్టించుకునే డెజిరే ఆమెని చూడగానే గుర్తుపట్టింది. ఆ పిల్ల జడలు వర్లీన్ దగ్గరే వేయించుకుంటుంది.

“మిస్ వర్లీన్ ఎలా ఉన్నారండీ? కళ్ళజోడు కోసమా? నా దగ్గరే దాచాను. ఇదిగోండి.”

“నీకు పుణ్యముంటుందమ్మా. మా అమ్మ చేసిన పనికి మీ మేనేజరుగారు…”

“ఆయన సంగతి తర్వాత. మీరు ముందు అర దగ్గరికి వెళ్ళి రండి.”

“ఎందుకు?”

“వెళ్ళి చూడండి మేడమ్. చెబితే నమ్మరు.”

మార్వా వెళ్ళింది. దగ్గుమందులు దాటి, పుట్టినరోజు కార్డులు దాటి మలుపు తిరిగి ఆగిపోయింది.

అర నిండా జూనియా.

పైవరసలో జూనియా, కిందివరసలో జూనియా. నల్లని నిగనిగలాడే భుజం, కాస్త పైకెత్తిన గడ్డం, తను దిద్దిన జుట్టు. పక్కనే ఆ ఇద్దరు పిల్లలూ. అరలో ప్రతి పుస్తకం మడత తిప్పి ఉంది. ఎక్కడా వెండి అక్షరాలు లేవు. ఆ ముగ్గురూ అటు చివరనుంచి ఇటు చివరదాకా నిలబడి సూటిగా చూస్తున్నారు.

ఈ రెండురోజులూ మార్వా బల్లమీద పెట్టుకుని చూసిన బొమ్మే ఇది. అప్పుడు గీతలే కనపడ్డాయి, పిన్నే కనపడింది. ఈ పిల్ల ఇంత అందగత్తె అని ఇవాళే తెలిసింది. దీన్ని కన్నది తనేనా? ఈ ముఖాన్నా మడిచి లోపల పెట్టారు?

“పొద్దున్నే మేనేజరు అన్నీ సరిగ్గా పెడతాడండీ.” డెజిరే వెనకే వచ్చింది. “గంట తిరిగేసరికి మళ్ళీ ఇంతే. నిన్న మూడుసార్లు పెట్టాడు. ఇవాళ ఒకసారి పెట్టి, చేతులు దులుపుకుని వెనక గదిలో కూర్చున్నాడు.”

“ఎవరు చేస్తున్నారు?”

“ఎవరని చెప్పనండీ? బస్సు నడిపే ఆయనొకడు. నర్సులు ఇద్దరు. బళ్ళోకి వెళ్ళే ఆడపిల్లల గుంపు ఒకటి. అందరూ వస్తారు, ఒకటో రెండో తిప్పుతారు, వెళ్ళిపోతారు. మాట్లాడరు. చర్చిలో దీపం పెట్టి వెళ్ళినట్టు వెళ్తారు.”

అర కింద నేలమీద కొత్తగా విప్పిన పుస్తకాల కట్ట ఒకటుంది. ఒక పెద్దావిడ దాని ముందు పీట వేసుకున్నట్టు గొంతుక్కూర్చుని ఉంది. కొరియా మనిషి. తెల్లటి పొట్టి జుట్టు, చక్రాల సంచి, ఎండకి పెట్టుకున్న పెద్ద టోపీ. పుస్తకం తర్వాత పుస్తకం తీసి తిప్పుతోంది.

మార్వా కూడా పక్కన కూర్చుని ఒకటి తీసింది. చాపింది. ముందుకి మడిచింది. అట్ట మెలికపడింది.

“అలా కాదమ్మాయ్, చింపేస్తావు. ఇటు తే,” అంది పెద్దావిడ. “మొదటిది ముందుకి. రెండోది వెనక్కి. రెండో మడత దగ్గరే అందరూ పొరపాటు పడుతున్నారు. ఫోనులో ఆ పెద్దావిడ ఎంత చక్కగా చూపించింది, చూళ్ళేదూ?”

“చూశాను.”

“చూసీ నేర్చుకోలేదా? బాగానే ఉంది.”

మార్వా నవ్వింది. రెండురోజుల తర్వాత మొదటి నవ్వు. “ఈ అమ్మాయి మీ మనవరాలా అమ్మా?” అని జూనియా పక్కనున్న పిల్లని చూపించింది.

“నా మనవరాలేంటి, ఎవరో నాకు తెలీదు. మా పేటలో షాపులో అన్నీ తిప్పేశాను. తర్వాత అనిపించింది, ఆవిడ మొదలుపెట్టిన అర ఎలా ఉంటుందో ఒక్కసారి చూసి రావాలని. రెండు బస్సులు మారి వచ్చాను.” పెద్దావిడ చేతిలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. “నలభై ఏళ్ళు ఇక్కడ బట్టలు కుట్టాను. పత్రికల్లో బొమ్మలు చూసే గౌన్లు కుట్టేదాన్ని. మా పిల్లలాంటి ముఖం ఒక్కటి కనపడితే ఒట్టు. లేరు కాబోలు అనుకున్నాను. లోపల మడిచిపెట్టారని నాకేం తెలుసు?”

మార్వా చేతిలోని కళ్ళజోడు చూపించింది.

“ఇది ఆవిడదే. ఆవిడ మా అమ్మ.” బొమ్మమీద వేలు పెట్టింది. “ఇది నా కూతురు.”

పెద్దావిడ చాలాసేపు మార్వా ముఖంలోకి చూసింది. తర్వాత టోపీ తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల బాగా కిందికి వంచింది. మార్వాకి కాదు, ఆ కళ్ళజోడుకి.

అప్పుడు గుర్తొచ్చింది టైము. పదకొండూ ముప్ఫై అయిదు. ఇంకా ఉంది! మార్వా గబగబా లేచి ఫోను తీసింది. చెప్పాల్సింది ఒక్క ముక్కే. చదవకే తల్లీ, వేషం పోతే పోనీ, ఇక్కడికొచ్చి ఇది చూడు.

“జూనియా! నా మాట విను, నువ్వు…”

“అమ్మా, పంపేశాను.”

“ఏంటి?”

“నువ్వు గడప దాటగానే, సెలూన్‌లో తలుపేసుకుని. వాళ్ళు రాసిచ్చిందే చదివాను. ఒక్క మాట మార్చలేదు.”

మార్వా అరని పట్టుకుని నిలబడింది. ఎదురుగా అన్నిచోట్లా ఆ పిల్లే, గడ్డం పైకెత్తుకుని.

“ఆ సినిమాలో తొమ్మిదిమంది లేరమ్మా,” అంది జూనియా. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “నాయిక ఒక్కర్తే. అంత పెద్ద తెరని ఎవరూ మడవలేరు. దానికోసం ముప్ఫై సెకన్లు తలొంచాను. తప్పు చేశానా?”

రెండు నెలల కింద పిన్ను పెట్టిన చేతులకి జవాబు చెప్పే హక్కు ఎక్కడిది?

“కళ్ళజోడు దొరికిందా?”

“దొరికింది.”

అవతల వంటింట్లో వర్లీన్ ఏదో కూనిరాగం తీస్తోంది. అది లీలగా వినిపించింది.

“ఇవాళొక్కరోజు దొరకలేదని అమ్మమ్మతో చెప్పమ్మా.”

మార్వా ఫోను దించింది. కళ్ళజోడుని గుప్పిట్లోకి తీసుకుంది. బిల్లుల బల్ల దగ్గరనుంచి తెలిసిన గొంతు ఒకటి సన్నగా వస్తోంది. పత్రికవాళ్ళు అప్పుడే బయటపెట్టేశారు కాబోలు, డెజిరే తన ఫోను వంక నోరు తెరుచుకుని చూస్తోంది.

“…మా అమ్మమ్మ చేసిన పనికి నేను బాధపడుతున్నాను. ఆ తొమ్మిదిమందిలో నాకూ చోటిచ్చినందుకు…”

కింద కూర్చున్న పెద్దావిడ ఆ మాటలు విని తలెత్తింది. అరలోని బొమ్మని చూసింది, మార్వాని చూసింది. ఆవిడ చెయ్యి రెండో మడత దగ్గర ఆగిపోయింది.